విమానం ఎవరిది?

చేనులో కలుపు తీస్తుంటే పైనుంచి విమానం పోతది. అందరం ఒక్కసారి నడుము నిలబెట్టి చూస్తం. పిల్లలైతే అది కనపడకుండా పోయేదాకా చేతులు ఊపుతరు. మన సిర్గాపూర్ వైపు రెండు రకాల విమానాలు కనపడతయి. కొన్ని చిన్నవి. కిందికి వచ్చి పెద్ద చప్పుడు చేస్తయి. పక్కన బీదర్‌లో వాయుసేన శిక్షణ కేంద్రం ఉన్నది. అక్కడ విమానం నడపడం నేర్చుకునేవాళ్ళు తిప్పేవి అవి. ఇంకొన్ని చాలా ఎత్తున, కొంగ అంత కనపడుకుంట పోతయి. కొన్నిసార్లు వెనక తెల్లటి గీత పడుతది. అవి మనుషులను తీసుకపోయే విమానాలు. ఈ పాఠం వాటి గురించి.

మా చదువు కేంద్రానికి వచ్చే ఒక పెద్దమ్మ కొడుకు దుబాయిలో మేస్త్రీ పని చేస్తడు. ఆమె ఒకరోజు అడిగింది: “సారూ, ఎయిర్ ఇండియా, ఎయిర్ ఇండియా అంటరు గదా. అది సర్కారుదా, సేటుదా?”

ప్రశ్న చిన్నదే. జవాబు మాత్రం ఒక్క మాటలో రాదు. మొదట సేటుది. తర్వాత సర్కారుది అయింది. 2022 నుంచి మళ్ళీ సేటుది. ఈ నడుమ మన హైదరాబాదు కంపెనీ ఒకటి పుట్టి, అందులోనే కలిసిపోయింది. ఆ కథ చూద్దాం.

ఉత్తరాల సంచి

1932వ సంవత్సరం అక్టోబర్ 15వ తేదీ. కరాచీ పట్నం నుంచి ఒక చిన్న విమానం లేచింది. కరాచీ ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్నది. అప్పుడు అంతా ఒకటే దేశం, తెల్లవాళ్ళ రాజ్యం. ఆ విమానానికి ఒకటే ఇంజన్. నడిపినాయన పేరు జె.ఆర్.డి. టాటా. మన దేశంలో విమానం నడపడానికి మొదట లైసెన్స్ తీసుకున్నది ఆయనే. అది 1929లో.

ఆ విమానంలో ప్రయాణికులు లేరు. ఉత్తరాల సంచి ఉన్నది. బరువు 25 కిలోలు. లండన్ నుంచి కరాచీ దాకా తెల్లవాళ్ళ కంపెనీ విమానం ఉత్తరాలు తెచ్చేది. అక్కడి నుంచి బొంబాయికి, మద్రాసుకు చేర్చే పని టాటా కంపెనీ తీసుకున్నది. నడుమ అహ్మదాబాద్‌లో దిగి నూనె పోసుకున్నారు. ఆ నూనె డబ్బాలు దేని మీద వచ్చినయో తెలుసా? ఎడ్లబండి మీద! విమానానికి ఎడ్లు మేత తెచ్చినట్టు అయింది. బొంబాయి చేరిన తర్వాత నెవిల్ వింట్సెంట్ అనే ఇంకో పైలట్ సంచి తీసుకొని బళ్ళారి మీదుగా మద్రాసుకు పోయిండు.

పైలట్ అంటే విమానం నడిపే మనిషి. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ మళ్ళీ వస్తది.

మరుసటి ఏడు 1933లో ఆ కంపెనీ విమానాలు ఎక్కిన ప్రయాణికులు మొత్తం 155 మంది. ఏడాదికి అంతే. ఇప్పుడు ఒక్క విమానంలోనే అంతకన్నా ఎక్కువ మంది కూర్చుంటరు. 1946లో టాటా ఎయిర్‌లైన్స్ పేరు మార్చి ఎయిర్ ఇండియా అని పెట్టారు. తలపాగా, పెద్ద మీసాలు పెట్టుకొని వంగి నమస్కారం చేసే మహారాజా బొమ్మ కూడా ఆ ఏడాదే పుట్టింది.

నిజాం గారి విమానాలు

అదే 1932లో మన దగ్గర ఏం జరిగింది? నిజాం రైల్వే వాళ్ళు బస్సులు తిప్పడం మొదలుపెట్టారు. మొదట 27 బస్సులు. ఇప్పటి మన ఆర్టీసీకి అదే మూలం. అప్పటికి మన నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. 1956లో మెదక్ జిల్లాలోకి వచ్చింది. సిర్గాపూర్ మండలం, సంగారెడ్డి జిల్లా అయితే నిన్న మొన్నటివి, 2016లో అయినయి.

రైలు ఉన్నది, బస్సు ఉన్నది, ఇక మిగిలింది గాలి. 1945లో నిజాం రైల్వే, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ అనే కంపెనీ పెట్టారు. ఎక్కువ వాటా నిజాం సర్కారుది. రైలు, బస్సు, విమానం మూడూ ఒకే రైల్వే చేతి కింద ఉండడం అప్పట్లో చెప్పుకోదగ్గ సంగతి. కంపెనీకి ఇల్లు బేగంపేట. అక్కడి నుంచి మద్రాసుకు, బెంగళూరుకు, నాగపూర్ మీదుగా ఢిల్లీకి విమానాలు పోయేవి.

ఆ విమానాలను డకోటా అనేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం సామాన్లు మోసిన రకం అది. యుద్ధం అయిపోయినంక చాలా మిగిలిపోయినయి. అగ్గువకు దొరికినయి. మన దేశంలో చాలా కంపెనీలు వాటినే కొన్నయి. డకోటాకు ముందర రెండు పెద్ద చక్రాలు, తోక కింద ఒక చిన్న చక్రం. అందుకని నేల మీద నిలబడితే ముక్కు పైకి, తోక కిందికి ఉంటది. లోపలికి ఎక్కినవాళ్ళు గట్టు ఎక్కినట్టు పైకి నడిచి కుర్చీలో కూర్చోవాలె.

ఎవరు ఎక్కేవారు? నవాబులు, దొరలు, పెద్ద ఆఫీసర్లు, పెద్ద వ్యాపారులు. మన తాతలు బండి కట్టుకొని సంతకు పోయే రోజులవి. కానీ ఈ కంపెనీలో ఒక మంచి పని జరిగింది. అది మన అక్కచెల్లెళ్ళు తెలుసుకోవాలె.

ప్రేమ్ మాథుర్ అనే ఆమె విమానం నడపడం నేర్చుకున్నది. 1947లో లైసెన్స్ తీసుకున్నది. జీతానికి విమానం నడిపే లైసెన్స్ పొందిన మొదటి భారత మహిళ ఆమె. ఉద్యోగం కోసం చాలా కంపెనీల తలుపు తట్టింది. ఆడమనిషి నడుపుతున్నదని తెలిస్తే ప్రయాణికులు భయపడతరని వాళ్ళు వద్దన్నారు. హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేస్ మాత్రం తీసుకున్నది. అయితే పూర్తిగా ఆమె చేతికి విమానం ఇయ్యలేదు. పక్కన కూర్చునే సహాయ పైలట్‌గానే ఉంచారు. తలుపు సగమే తెరిచారు అన్నట్టు. చివరికి ఆమె ఆ ఉద్యోగం వదిలి వేరే చోటికి పోయింది.

అక్కడి నుంచి ఇప్పటికి చూడండి. 2021 జనవరిలో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. దాదాపు 16,000 కిలోమీటర్లు. ఎక్కడా ఆగలేదు. నడిపినవాళ్ళు అందరూ ఆడవాళ్ళే. పెద్ద పైలట్ జోయా అగర్వాల్. ఆమెతో ఉన్నవాళ్ళలో ఒకరి పేరు పాపగారి తన్మయి.

మళ్ళీ హైదరాబాదుకు వద్దాం. 1948లో నిజాం సర్కారుకూ ఇండియా సర్కారుకూ తగవు ముదిరింది. ఇండియా సర్కారు హైదరాబాదుకు వచ్చిపోయే విమానాలను ఆపించింది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. ఆ ముచ్చట మన పెద్దల నోట ఇంకా వినపడుతనే ఉంటది. హైదరాబాదు రాజ్యం ఇండియాలో కలిసింది. డెక్కన్ ఎయిర్‌వేస్ మళ్ళీ ఎగిరింది. కానీ ఎక్కువ కాలం కాదు.

ఎనిమిది కలిసి ఒకటి

స్వతంత్రం వచ్చిన కొత్తలో విమాన కంపెనీలు పుట్టగొడుగుల్లెక్క లేచినయి. ప్రయాణికులు తక్కువ, కంపెనీలు ఎక్కువ. చాలా వరకు నష్టాల్లో పడ్డయి. 1953లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి కంపెనీలన్నిటినీ సర్కారు తీసుకున్నది. దీన్ని జాతీయం చేయడం అంటారు. జాతీయం అంటే ఒకరిద్దరి ఆస్తిని దేశం ఆస్తిగా మార్చడం.

దేశం లోపల తిరిగే ఎనిమిది కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అన్నారు. అందులో మన డెక్కన్ ఎయిర్‌వేస్ ఒకటి. బయటి దేశాలకు పోయేదానికి ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ అని పేరు. అది 1948 జూన్ 8న బొంబాయి నుంచి లండన్‌కు మొదటిసారి పోయింది. ఆ విమానం పేరు మలబార్ ప్రిన్సెస్. 1962లో పేరు కత్తిరించి ఎయిర్ ఇండియా అనే ఉంచారు.

ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు కంపెనీల నుంచి వచ్చినవి 99 విమానాలు. అందులో 74 డకోటాలే. వాటితో ఒక అందమైన పని చేశారు. దేశం నడిమిట్ల నాగపూర్ ఉన్నది గదా. రాత్రి పూట ఢిల్లీ నుంచి ఒకటి, బొంబాయి నుంచి ఒకటి, కలకత్తా నుంచి ఒకటి, మద్రాసు నుంచి ఒకటి విమానం నాగపూర్ చేరేది. అర్ధరాత్రి అక్కడ ఉత్తరాల సంచులు మార్చుకునేవారు. తెల్లారేసరికి ఎవరి ఊరికి వాళ్ళు చేరేవారు. ఇది 1949లోనే మొదలైంది. తర్వాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ చాలా ఏండ్లు నడిపింది. విమానం మొఖం చూడనివాళ్ళ ఉత్తరం కూడా అట్ల విమానం ఎక్కింది.

1960లో ఎయిర్ ఇండియాకు జెట్ విమానాలు వచ్చినయి. జెట్ అంటే ముందర రెక్కల పంకా తిరగకుండా, వెనక నుంచి వేడి గాలి బలంగా చిమ్మి ముందుకు పోయే రకం. ప్రయాణం గంటలు సగానికి తగ్గినయి. జె.ఆర్.డి. టాటా కంపెనీ పోగొట్టుకున్నా 1978 దాకా ఎయిర్ ఇండియాకు పెద్దగా ఉన్నారు. ఆ రోజుల్లో మర్యాదకు, సమయానికి ఎయిర్ ఇండియాది పెద్ద పేరు.

బస్సు రాని ఊర్లు ఇన్ని ఉన్న దేశంలో ఉన్నోళ్ళు ఎక్కే విమానాలకు సర్కారు సొమ్ము ఎందుకు అని అడిగినవాళ్ళు అప్పుడూ ఉన్నారు. తప్పు ప్రశ్న కాదు. నాకూ అట్లనే అనిపించేది. కానీ దానికి జవాబు చెప్పేముందు 1990 సంగతి తెలుసుకోవాలె.

కువైట్ నుంచి ఇంటికి

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్ దేశంలోకి వచ్చి పడింది. కువైట్‌లో అప్పుడు లక్షా 70 వేల దాకా భారతీయులు ఉన్నారు. కేరళవాళ్ళు చాలా మంది. మన తెలుగువాళ్ళూ ఉన్నారు, ముఖ్యంగా కడప, గోదావరి జిల్లాలవాళ్ళు. ఇండ్లలో పనిచేసే ఆడవాళ్ళు, డ్రైవర్లు, మేస్త్రీలు, దుకాణాలవాళ్ళు. ఒక్క పూటలో జీతం లేదు, బ్యాంకు లేదు. దాచుకున్న దినార్లు చిత్తు కాగితాలు అయినయి. కువైట్ విమానాశ్రయం మూతపడింది.

మరి ఎట్ల రావాలె? బస్సులెక్కి ఎడారి దాటి ఇరాక్ మీదుగా జోర్డాన్ దేశం చేరారు. ఆ దేశం రాజధాని అమ్మాన్. అక్కడ గుడారాలలో ఉన్నారు. పగలు ఎండ, రాత్రి చలి. మన విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ పోయి మాట్లాడి వచ్చారు. ఆగస్టు 13 నుంచి అక్టోబర్ 11 దాకా ఎయిర్ ఇండియా విమానాలు అమ్మాన్‌కు, బొంబాయికి తిరుగుతనే ఉన్నయి. అమ్మాన్ నుంచి బొంబాయికి 4,117 కిలోమీటర్లు. వాయుసేన, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కూడా చెయ్యి వేసినయి. గిన్నిస్ రికార్డుల పుస్తకంలో ఎక్కిన లెక్క ఇది: 59 రోజులు, 488 విమాన ప్రయాణాలు, 1,11,711 మంది మనుషులు. ఖర్చు సర్కారు పెట్టుకున్నది. లోకంలో ఏ ప్రయాణికుల విమాన కంపెనీ కూడా అంతమందిని అట్ల ఇంటికి చేర్చలేదు.

పలక తీసుకోండి. 488ని 59తో భాగిస్తే రోజుకు 8 ప్రయాణాలు పైన వస్తయి. 1,11,711ని 488తో భాగిస్తే ఒక్కో ప్రయాణానికి 229 మంది దాకా. రెండు నెలలు రోజూ ఎనిమిదిసార్లు, ప్రతిసారి రెండు వందల పైన మంది. లెక్క చేస్తేనే అది ఎంత పనో తెలుస్తది.

సేటు కంపెనీ అయితే చేసేది కాదా? చేసేదేమో. డబ్బులు ఎవరిస్తరని ముందు అడిగేది. ఇక్కడ అడిగే పని పడలేదు. నాకు కనపడే తేడా అదే.

నడిపేది ఎట్ల?

ఆర్టీసీకి బస్సు తనది, డ్రైవర్ తనవాడు, డిపో తనది, బస్టాండు కూడా తనదే. విమాన కంపెనీకి అట్ల కాదు. శంషాబాద్ విమానాశ్రయం ఎయిర్ ఇండియాది కాదు. దాన్ని వేరే కంపెనీ నడుపుతది. 2008 మార్చిలో అది తెరిచారు, అప్పుడే బేగంపేట నుంచి మామూలు ప్రయాణాలు ఆగినయి. విమానం దిగితే కిరాయి కట్టాలె, నిలబెడితే కట్టాలె. ఆకాశంలో దారి చూపేది సర్కారు శాఖ. వాళ్ళు రేడియోలో ‘లే’ అంటేనే విమానం లేస్తది, ‘దిగు’ అంటేనే దిగుతది. గేటు దగ్గర తనిఖీ చేసే పోలీసులు కేంద్రం వాళ్ళు. విమానాలలో కూడా చాలా వరకు కంపెనీ సొంతం కావు. మనం ట్రాక్టర్ కిరాయికి తెచ్చుకున్నట్టే, వాళ్ళూ కిరాయికి తెచ్చుకుంటరు.

అన్నిటికన్నా పెద్ద ఖర్చు నూనెది. విమానం నూనె మన గ్యాసునూనె జాతిదే, ఇంకా బాగా శుద్ధి చేసింది. లోకంలో నూనె ధర పెరిగితే టికెట్ ధర పెరుగుతది. ఖాళీ కుర్చీతో విమానం లేచిందంటే ఆ కుర్చీ పైసలు పోయినట్టే. నిన్నటి కూరగాయలు ఇయ్యాల అమ్ముడుపోనట్టు, లేచిపోయిన విమానంలో కుర్చీ మళ్ళీ అమ్ముకోలేరు. అందుకే ఒకే విమానంలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరి టికెట్ ధర ఒకటి ఉండదు. ముందుగా కొన్నవానికి చాలాసార్లు తక్కువ, పండుగ ముందు రోజు కొన్నవానికి ఎక్కువ. రంజాన్‌కు, దసరాకు గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు.

2005లో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ అని ఇంకొకటి పెట్టారు. గల్ఫ్ దేశాలకు పోయే పనివాళ్ళ కోసం, తక్కువ ధరకు తిప్పేందుకు. దాని రంగు వేరే, లెక్క వేరే. పెద్ద ఎయిర్ ఇండియా టికెట్ అనుకొని ఇది ఎక్కినవాళ్ళు తిండి ఏది, సామాను ఇంతేనా అని అడుగుతరు. టికెట్ మీద ఏది రాసి ఉంటే అంతే.

ఒక మాట మరువద్దు. విమానం లేచేముందు ఇంజనీర్ దాన్ని చూసి, పుస్తకంలో రాసి, సంతకం పెట్టాలె. ఆ సంతకం లేకుండా పైలట్ తీసుకపోడు. ఎంత పెద్ద సారు లోపల కూర్చున్నా సరే.

అయినా ప్రమాదాలు జరిగినయి. 1985లో కనిష్క అనే ఎయిర్ ఇండియా విమానంలో బాంబు పేలి 329 మంది చనిపోయారు. 2010 మే 22న దుబాయి నుంచి వచ్చిన ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో దిగుతూ ప్రమాదానికి గురైంది. 158 మంది పోయారు. ఎనిమిది మంది బతికారు. 2025 జూన్ 12న అహ్మదాబాద్ నుంచి లండన్ పోవలసిన విమానం లేచిన కొద్ది క్షణాలకే కూలింది. లోపల ఉన్న 242 మందిలో ఒక్కరే బతికారు. కింద ఉన్నవాళ్ళు కూడా చనిపోయారు. ఎడ్లబండి నూనె పోసిన ఊరే అది.

అప్పు, అమ్మకం

1994లో 1953 నాటి చట్టం తీసేశారు. ప్రైవేటు కంపెనీలు వచ్చినయి. గల్ఫ్ దేశాల పెద్ద కంపెనీలు మన ప్రయాణికులను ఎక్కించుకున్నయి. సర్కారు కంపెనీలు 2005, 2006లో 111 కొత్త విమానాలకు ఆర్డర్ ఇచ్చినయి. డబ్బు చాలా వరకు అప్పే. 2007లో ఎయిర్ ఇండియాను, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను కలిపేశారు. రెండు కొలువులు, రెండు రకాల జీతాలు, రెండు రకాల పద్ధతులు. కలవడం పేరుకే అయింది. ఉద్యోగులు సోమరులని అందుకే మునిగిందని కొందరు తేలికగా అంటరు. సర్కారు లెక్కలు చూసే కాగ్ సంస్థ 2011లో వేరే మాట చెప్పింది: అప్పు మీదనే అన్ని విమానాలు కొనడం తప్పు అన్నది. ఆ కొనుగోలు మీద సంతకాలు పెట్టింది విమానంలో సామాను మోసేవాళ్ళు కాదు గదా.

వడ్డీ మీద వడ్డీ ఎక్కింది. ఇది మనకు చెప్పాల్సిన పని లేదు.

చివరికి సర్కారు అమ్మకానికి పెట్టింది. 2021 అక్టోబర్‌లో టాటాల పాట 18,000 కోట్ల రూపాయలకు ఖాయమైంది. 2022 జనవరి 27న కంపెనీని వాళ్ళ చేతికి అప్పగించారు. దగ్గర దగ్గర 69 ఏండ్లు సర్కారు దగ్గర ఉండి, పుట్టింటికి పోయినట్టు అయింది. 2024 నవంబర్‌లో విస్తారా అనే ఇంకో కంపెనీ ఇందులో కలిసింది. దాంతో సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు కూడా ఎయిర్ ఇండియాలో నూటికి 25 పైచిలుకు వాటా వచ్చింది.

18,000 కోట్లు వచ్చినయి, సర్కారు ఖజానా నిండిందని అనుకుంటరు. మళ్ళీ పలక తీయండి. కంపెనీ అప్పు మొత్తం 61,562 కోట్లు. 18,000 కోట్లలో చేతికి వచ్చిన నగదు 2,700 కోట్లే. మిగిలిన 15,300 కోట్లు టాటాలు తమ మీద వేసుకున్న అప్పు. 61,562లో 15,300 తీసేయండి.

46,262 కోట్లు.

ఆ అప్పు సర్కారు దగ్గరనే ఉండిపోయింది. సర్కారు అంటే ఎవరు? అగ్గిపెట్టె కొన్నా, సబ్బు కొన్నా పన్ను కట్టే మనమే. విమానం ఎక్కనివాళ్ళు కూడా విమానం అప్పు మోస్తున్నరు. అమ్మకపోతే నష్టం ఇంకా పెరిగేదని సర్కారు చెప్పింది. అదీ నిజమే, రోజూ కోట్లలో నష్టం వచ్చేది. రెండు మాటలూ తెలుసుకొని మీరే ఆలోచించండి.

అమ్మిన తర్వాత ఆపద వస్తే? అది కూడా చూశాం. 2020లో కరోనా కాలంలో వందే భారత్ అని పేరు పెట్టి ఎయిర్ ఇండియా విమానాలు పంపారు. మే 9న కువైట్ నుంచి హైదరాబాదుకు ఒకటి వచ్చింది. అప్పుడు కంపెనీ సర్కారుదే. కానీ 1990 లెక్క కాదు, ప్రయాణికులే టికెట్ డబ్బులు కట్టుకున్నారు. పని పోయి, జేబు ఖాళీ అయినవాళ్ళు టికెట్ కోసం అప్పు చేశారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది. అప్పటికి ఎయిర్ ఇండియా టాటాలదై నెల అయింది. అయినా ఫిబ్రవరి 26న మొదట పిల్లలను తెచ్చింది ఎయిర్ ఇండియా విమానమే. తర్వాత వేరే ప్రైవేటు కంపెనీల విమానాలు, వాయుసేన విమానాలు కూడా పోయినయి. ఈసారి విద్యార్థుల దగ్గర డబ్బు తీసుకోలేదు, సర్కారు కట్టింది. అంటే కంపెనీ సర్కారుదైనా పేదవాని చేత కట్టించవచ్చు. సేటుదైనా సర్కారు కట్టవచ్చు. పెద్దమ్మ ప్రశ్నకు పక్కన ఇంకో ప్రశ్న కూడా అడగాలె: విమానం ఎవరిది అని ఒకటి, టికెట్ ఎవరు కట్టాలె అని ఇంకొకటి.

టికెట్ చదువుదాం

మన ఇండ్లలోవాళ్ళు గల్ఫ్ పోయేటప్పుడు ఏజెంటు ఒక కాగితం చేతిలో పెడతడు. ఇంగ్లీషులో ఉంటది. భయపడకండి. అంకెలు మీకు వచ్చు. మిగిలినవి నాలుగైదు గుర్తులు.

మొదట పేరు. పాస్‌పోర్టులో ఎట్ల ఉన్నదో టికెట్ మీద అట్లనే ఉండాలె. ఒక్క అక్షరం తేడా ఉన్నా వెంటనే సరిచేయించాలె. తర్వాత విమానం నంబరు. ముందర ‘ఏ, ఐ’ అనే ఇంగ్లీషు అక్షరాలు ఉంటే ఎయిర్ ఇండియా. ‘ఐ, ఎక్స్’ ఉంటే ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్. ఊరి పేరు మూడు అక్షరాలలో రాస్తరు. హైదరాబాదుకు ‘హెచ్, వై, డి’. దుబాయికి ‘డి, ఎక్స్, బి’. పీఎన్ఆర్ అని ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన నంబరు ఒకటి ఉంటది. టికెట్ నిజమో కాదో ఆ నంబరుతో కంపెనీ వాళ్ళనే అడగవచ్చు. డబ్బులు చేతిలో పెట్టేముందే అడగండి.

సామాను ఎన్ని కిలోలో రాసి ఉంటది. ఇంట్లో కాటా మీద తూచుకొని పోవాలె. ఎక్కువైతే కిలోకు ఇంత అని కట్టమంటరు, అది సామాను ఖరీదు కన్నా ఎక్కువ కావచ్చు. పచ్చడి డబ్బా, నెయ్యి, నూనె సీసా చేతి సంచిలో పెట్టవద్దు, తీసేస్తరు. కింద వేసే పెట్టెలో గట్టిగా కట్టి పెట్టండి. గసగసాలు మాత్రం ఎందులోనూ పెట్టవద్దు. దుబాయి, సౌదీలలో వాటిని మత్తుమందు కింద లెక్క కడతరు. మనవాళ్ళు జైలుకు పోయారు.

పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు మామూలుగా ఈసీఆర్ రకం ఉంటది. వాళ్ళు పని మీద గల్ఫ్ దేశాలకు పోవాలంటే హైదరాబాదులోని వలస అధికారి ఆఫీసు అనుమతి కావాలె. అది లేకపోతే టికెట్ ఉన్నా విమానాశ్రయం నుంచే వెనుకకు పంపుతరు. సందర్శన వీసా మీద పని ఇప్పిస్తనన్నవాని మాట నమ్మవద్దు.

అన్నిటికన్నా ఎక్కువ మంది తప్పు చేసేది గంటల దగ్గర. విమానం వాళ్ళు 24 గంటల లెక్క రాస్తరు. 13:00 అంటే పగలు ఒంటిగంట. 20:00 అంటే రాత్రి ఎనిమిది. మరి 00:40 అంటే? అర్ధరాత్రి పన్నెండు దాటి 40 నిమిషాలు. అప్పటికి తేదీ మారిపోతది. టికెట్ మీద 14వ తేదీ 00:40 అని ఉంటే, 13వ తేదీ రాత్రే విమానాశ్రయంలో ఉండాలె. 14న రాత్రి పోతే విమానం పోయి దాదాపు ఒక రోజు అయి ఉంటది. టికెట్ పైసలు కూడా పోయినట్టే.

ఇంకొకటి. బయలుదేరే గంట మన దేశం గంట. చేరే గంట ఆ దేశం గంట. దుబాయి గడియారం మనకన్నా గంటన్నర వెనుక ఉంటది. కువైట్, సౌదీ గడియారాలు రెండున్నర గంటలు వెనుక. హైదరాబాదులో 10:00కి లేచి దుబాయిలో 12:15కి దిగితే ప్రయాణం రెండుంబావు గంటలు కాదు. దానికి గంటన్నర కలపాలె. మూడు ముప్పావు గంటలు అయితది.

చేసి చూడండి

1. హైదరాబాదులో 21:00కి విమానం లేచింది. దుబాయి గడియారంలో 23:20కి దిగింది. గాలిలో ఎంత సేపు ఉన్నది?

2. మీ ఇంట్లోగానీ పక్కింట్లోగానీ పాత విమానం టికెట్ ఉంటే కేంద్రానికి తీసుకరండి. పేరు, తేదీ, గంట, కిలోలు ఎక్కడ ఉన్నయో వేలుపెట్టి చూపించండి.

3. 46,262 కోట్లు అనే అంకెను అక్షరాలలో రాయండి.

4. ఒకాయన టికెట్ మీద 9వ తేదీ 00:25 అని ఉన్నది. మూడు గంటల ముందు శంషాబాద్‌లో ఉండాలె. సిర్గాపూర్ నుంచి దారికి ఐదు గంటలు వేసుకోండి. ఆయన ఏ తేదీన, ఎన్ని గంటలకు ఇల్లు వదలాలె?